విదేశీయుడు మెచ్చుకుంటే మనం అంతగా ఎందుకు పొంగిపోతాం?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మన దేశాన్ని మించింది లేదని వాదించేవాళ్లే, ఎవరో విదేశీయుడు "ఇండియా అద్భుతం" అనగానే ఉబ్బితబ్బిబ్బవుతారెందుకు? అదే మనిషి ఒక లోపం చూపిస్తే ఒంటికాలి మీద లేస్తారెందుకు? ఈ జబ్బు మనకేనా? చివర్లో ఇంకో మాట చేర్చారు. 2023లో తెలుగు పాటకి ఆస్కార్ వచ్చిన రోజు మీరూ గంతులేశారట, ఇప్పుడు తలుచుకుంటే కాస్త సిగ్గుగా ఉందట.

ముందు జవాబు చెప్పేస్తాను, సోది తర్వాత. మనకొక్కరికే కాదు, ఇవాళ మనకు మార్కులు వేసే దేశాలు కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేవి. ఇక ఎందుకంటారా, బయటివాడి మెప్పుతో మనకు పని బయటివాడి దగ్గర కాదు. మనలో మనకున్న తగాదాలో సాక్షిగా నిలబెట్టడానికే అది కావాలి. ఇంట్లో ఒకరి తీర్పు మీద ఒకరికి నమ్మకం లేనప్పుడు, గర్వపడటానికి కూడా బయటివాడి సంతకం అవసరమవుతుంది. అందుకే అతిగా గర్వించేవాడే అతిగా మెప్పు వెతుక్కుంటాడు. అందులో వింతేమీ లేదు.

ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ఇరవై ఆరేళ్లు చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం జాతీయ, అంతర్జాతీయ పేజీలు చూశాను. ఏజెన్సీల నుంచి వచ్చే ఇంగ్లిష్ కాపీని తెలుగు చెయ్యడం, కత్తిరించడం, హెడ్డింగ్ పెట్టడం నా పని. కాబట్టి ఈ జబ్బుకి నేను వైద్యుణ్ని కాదు, మందుల షాపులో కూర్చున్నవాణ్ని అనుకోండి. ఏది ఎంత అమ్ముడుపోతుందో తెలుసు.

"నివ్వెరపోయిన ప్రపంచం", "అగ్రరాజ్యం కితాబు", "మన సత్తాకు సలాం". ఇలాంటివి ఎన్ని పెట్టానో లెక్కలేదు. వీటిలో "ప్రపంచం" అంటే చాలాసార్లు ఒకే ఒక్క విలేకరి, అతను రాసింది కూడా లోపలి పేజీలో.

ఒకసారి మన ఎన్నికల మీద ఒక విదేశీ పత్రిక పెద్ద వ్యాసం రాసింది. పన్నెండు పేరాలు. మొదటి రెండిట్లో ఇంతమంది ఓటర్లతో ఇంత పెద్ద ఎన్నిక ఎలా జరుపుతారో అన్న ఆశ్చర్యం. మిగిలిన పదిట్లో డబ్బు పంపిణీ, మద్యం, నేరచరిత్ర ఉన్న అభ్యర్థులు. మొదటి రెండు పేరాలు ఉంచి, మిగతావి కోసి, "మన ప్రజాస్వామ్యానికి ప్రపంచం జేజేలు" అని పెట్టాను. పైవాళ్లు భుజం తట్టారు. మర్నాడు ఇంకో పత్రిక తీసి చూద్దును కదా, అదే కాపీ! వాళ్లు మొదటి రెండు పేరాలు కోసి, మిగతా పది ఉంచి, "విదేశాల్లో పోయిన పరువు" అని పెట్టారు. మా పత్రిక ఒక వర్గానికి దగ్గర, అది ఇంకో వర్గానికి దగ్గర. రాసిన ఆ విలేకరికి మా ఇద్దరి సంగతీ తెలియదు. మేమిద్దరం మాత్రం అతన్ని చెరో చెయ్యీ పట్టుకుని మా పంచాయతీకి లాక్కొచ్చాం.

అప్పటినుంచి ఇలాంటి వార్త వస్తే నాకు నేను వేసుకునే ప్రశ్న మారిపోయింది. ఎవరు పొగిడారని కాదు, ఎవరి నోరు మూయించడానికి దీన్ని తెచ్చారు అని.

ర్యాంకుల సంగతే చూడండి. ప్రపంచ బ్యాంకు వ్యాపార సౌలభ్య నివేదికలో 2014లో మన స్థానం 142. 2019లో విడుదలైన నివేదికకి 63కి వచ్చాం. పాలకపక్షం ఊరూరా చెప్పుకుంది. 2023 ప్రపంచ ఆకలి సూచీలో 125 దేశాల్లో మనది 111వ స్థానం. ప్రభుత్వం లెక్కించే పద్ధతే తప్పంది, ప్రతిపక్షం దాన్నే జెండాలా ఊపింది. నిజానికి రెండు లెక్కల్లోనూ అడగాల్సిన ప్రశ్నలున్నాయి. ఆకలి సూచీలో నాలుగు కొలమానాలుంటే మూడు పిల్లలకు సంబంధించినవే, అవి మొత్తం జనాభా ఆకలిని చెబుతాయా అన్నది న్యాయమైన అభ్యంతరమే. వ్యాపార నివేదికని, కొన్ని దేశాల గణాంకాల్లో అవకతవకలు బయటపడ్డాక, 2021 సెప్టెంబరులో ప్రపంచ బ్యాంకే ఆపేసింది. కానీ ర్యాంకు బాగున్నప్పుడు పద్ధతి గురించి అడిగిన పాలకపక్షాన్ని గానీ, బాగాలేనప్పుడు అడిగిన ప్రతిపక్షాన్ని గానీ నా సర్వీసులో చూడలేదు. సాక్షి మనవైపు చెబుతున్నంతసేపూ మనం క్రాస్ ఎగ్జామినేషన్ చెయ్యం.

సరే, మనకేనా అన్నారు కదా. ఇవాళ మనం ఎవరి మెప్పు కోసం మెడలు చాస్తున్నామో, ఆ అమెరికా దగ్గరే మొదలుపెడతాను. 1831లో అక్కడ పర్యటించిన ఫ్రెంచి రచయిత టోక్విల్ తర్వాత ఏం రాశాడంటే, అమెరికన్లు తమ దేశాన్ని పొగడమని విదేశీయుల్ని వెంటపడి విసిగిస్తారట, పొగడకపోతే తమను తామే పొగుడుకోవడం మొదలుపెడతారట. అంతకు ముందే, 1820లో, సిడ్నీ స్మిత్ అనే ఇంగ్లిష్ రచయిత "అసలు అమెరికన్ పుస్తకం ఎవరు చదువుతారు?" అని ఒక పత్రికలో ఎద్దేవా చేస్తే ఆ గాయం వాళ్లకి ఏళ్ల తరబడి మానలేదు. 1842లో డికెన్స్ వెళ్తే రాజులా ఊరేగించారు. ఆయన తిరిగెళ్లి వాళ్ల బానిసత్వాన్నీ, ఉమ్ములేసే అలవాటునీ రాసేసరికి అదే జనం భగ్గుమన్నారు. పేర్లు మార్చి చదివితే మన ఏ వాట్సాప్ గ్రూపు కథైనా ఇదే. వాళ్లకి ఆ ఆరాటం తగ్గింది జ్ఞానోదయమయ్యి కాదు, కొలబద్ద వాళ్ల చేతికొచ్చింది గనక.

ఆస్ట్రేలియాలో ఎ.ఎ. ఫిలిప్స్ అనే విమర్శకుడు 1950లో దీనికి ఒక పేరే పెట్టాడు. "సాంస్కృతిక ముడుచుకుపోవడం" అని తెలుగు చేసుకోవచ్చేమో. తన దేశపు రచన చదువుతున్న ప్రతి ఆస్ట్రేలియన్ బుర్రలో ఒక ఇంగ్లిష్ పెద్దమనిషి కూర్చుని ఉంటాడనీ, పాఠకుడు "ఇది చదివితే ఆయనేమనుకుంటాడో" అని జంకుతుంటాడనీ అతని బాధ. అదే వ్యాసంలో ఇంకో మాటా అన్నాడు. "మా దేశమే స్వర్గం, మిగతావాళ్లు మా కాలిగోటికి చాలరు" అని అరిచేవాడిది కూడా ఆ ముడుచుకుపోవడమేనట, కాకపోతే తిరగేసి తొడుక్కున్నాడు. మీరు అడిగిన "రెండూ ఒకే మనిషిలో ఎలా?" అన్నదానికి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు. బ్రెజిల్ వాళ్లదైతే మరీ మొరటు పేరు. 1950లో సొంత గడ్డ మీద ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఉరుగ్వేకి పోగొట్టుకున్నాక ఆ దేశం పడ్డ న్యూనతని నెల్సన్ రోడ్రిగ్స్ అనే రచయిత "వీధికుక్క మనస్తత్వం" అన్నాడు.

జపాన్‌ది వేరే కథ, అందుకే కాస్త ఆగుతాను. మెప్పు కోరడం ప్రతిసారీ మానసిక బలహీనతే కాదు, కొన్నిసార్లు అది కడుపుకి సంబంధించిన విషయం. 1858 నాటి ఒప్పందాల వల్ల జపాన్‌లో నేరం చేసిన విదేశీయుణ్ని జపాన్ కోర్టు విచారించలేదు. దిగుమతి సుంకం ఎంతో జపాన్ తేల్చుకోలేదు. మేమూ నాగరికులమేనని చూపిస్తే తప్ప వాటిని మార్చరని, విదేశాంగ మంత్రి ఇనోవే కవోరు చొరవతో 1883లో టోక్యోలో రోకుమేకాన్ అనే భవనం కట్టించారు. కట్టింది ఇంగ్లిష్ ఆర్కిటెక్టు. అందులో జపాన్ ప్రముఖులు సూట్లూ గౌన్లూ వేసుకుని, నేర్చుకున్న పాశ్చాత్య నృత్యాలు విదేశీ దౌత్యవేత్తల ముందు చేసేవారు. చూడటానికొచ్చిన ఫ్రెంచి రచయిత పియేర్ లోతీ మెచ్చుకోకపోగా, ఆ భవనం ఫ్రాన్సులో ఏదో చిన్న ఊరి క్యాసినోలా ఉందని రాశాడు. ఇంట్లో జాతీయవాదులు దుమ్మెత్తిపోశారు. 1887లో ఇనోవే రాజీనామా చేశాడు. ఒప్పందం మారింది 1894లో, బ్రిటన్‌తో. అప్పటికి జపాన్‌కు రాజ్యాంగం వచ్చింది, చట్టాలు వచ్చాయి, అన్నిటికన్నా ముఖ్యంగా బేరమాడే బలం వచ్చింది. ఇనోవేని చూసి నవ్వడం తేలిక. కోర్టు, సుంకం పరాయి చేతిలో ఉన్నప్పుడు అతను చేసింది నాకైతే నవ్వు తెప్పించదు. దేని కోసం ఆడుతున్నాడో అతనికి తెలుసు. యూట్యూబులో విదేశీయుడి రియాక్షన్ వీడియో కింద "లవ్ ఫ్రమ్ ఇండియా" అని రాసే మనకి తెలుసా?

ఇక మన దగ్గరికి. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అని సామెత. ఆచరణలో మనం రచ్చ గెలిచినవాణ్ని తప్ప ఇంట గెలవనివ్వం. పెరటి చెట్టు మందుకి పనికిరాదు కదా. 1913 నవంబరులో రవీంద్రనాథ్ టాగోర్‌కి నోబెల్ వచ్చిన వార్త తెలియగానే కలకత్తా నుంచి పెద్దమనుషులు ప్రత్యేక రైలు వేసుకుని శాంతినికేతన్‌కి సన్మానానికి వెళ్లారు. అంతకు ముందు ఆయన్ని వెక్కిరించినవాళ్లూ అందులో ఉన్నారు. ఆయన మొహమాటపడలేదు. మీరిచ్చే ఈ గౌరవపాత్రని పెదవులకు తాకించగలను గానీ మనస్ఫూర్తిగా తాగలేను అన్న అర్థంలో మాట్లాడాడు. వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుని తిరుగురైలెక్కారు. సన్మానం నిజానికి ఆయనకి కాదు, స్వీడన్ వాళ్ల తీర్పుకి జరుగుతోందని ఆయనకి అర్థమైంది.

తిట్టు విషయంలో గాంధీ చేసింది ఇంకా చిత్రం. 1927లో కేథరీన్ మేయో అనే అమెరికన్ మన దేశాన్ని దుమ్మెత్తిపోస్తూ పుస్తకం రాస్తే, అది మురుగుకాల్వల ఇన్‌స్పెక్టరు రిపోర్టులా ఉందన్నాడు గాంధీ. ఈ మాట అందరికీ తెలుసు, ఇప్పటికీ ప్రతి విదేశీ విమర్శ మీదా విసురుతుంటాం. అదే వ్యాసంలో ఆయన ఇంకో మాట రాశాడు, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ పుస్తకం అమెరికన్ల ముందూ ఇంగ్లిష్‌వాళ్ల ముందూ పెట్టదగింది కాదు గానీ, ప్రతి భారతీయుడూ చదివితే ఎంతో కొంత మేలు ఉంటుందన్నాడు. ఒకే పుస్తకం బయటివాళ్లకి అబద్ధం, ఇంట్లోవాళ్లకి అద్దం. అంత నిబ్బరం మన ప్రభుత్వాలకి లేదు. ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ ఇక్కడ తీసిన డాక్యుమెంటరీలు ప్రసారం చేసిందని 1970లో ఢిల్లీలో బీబీసీ ఆఫీసునే మూయించారు. 1980లో రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న హిందీ నటి నర్గీస్, సత్యజిత్ రాయ్ మన పేదరికాన్ని విదేశాలకి ఎగుమతి చేస్తున్నాడని విరుచుకుపడింది. పేదరికం ఉందా లేదా అన్నది ఆమెకి సమస్య కాదు, ఎవరు చూస్తున్నారన్నదే సమస్య.

ఇందులో కొంత మానవ సహజం అని ఒప్పుకోవాలి. మాథ్యూ హార్న్‌సీ బృందం 2002లో ప్రచురించిన మనస్తత్వ పరిశోధన చెప్పిందీ అదే: ఒకే విమర్శని మనవాడు చేస్తే సహిస్తాం, బయటివాడు చేస్తే మండుతుంది. విషయం వల్ల కాదు, ఎందుకన్నాడో అన్న అనుమానం వల్ల. అందుకని విమర్శకి చిరాకు పడిన ప్రతివాణ్నీ మూర్ఖుడనకండి. 2009లో గోలెక్ దె జవాలా బృందం గీసిన గీత నాకు ఎక్కువ ఉపయోగపడింది. దేశాన్ని ఇష్టపడటం వేరు, మన గొప్పతనాన్ని లోకం గుర్తించి తీరాలని పట్టుబట్టడం వేరు. రెండోదాన్ని వాళ్లు సామూహిక ఆత్మరతి అన్నారు. అది ఎంత మెప్పు పోసినా నిండదు, చిన్న అవమానాన్ని కూడా వదలదు.

ఏ విదేశీయుడు? అసలు గుట్టంతా ఈ ప్రశ్నలో ఉంది. ఘనా పత్రిక మనల్ని పొగిడితే ఏ డెస్కూ మొదటి పేజీలో వెయ్యదు. నేనూ వెయ్యలేదు. 2001 ఫిబ్రవరిలో సిప్లా కంపెనీ, అప్పటిదాకా ఏడాదికి 10,000 డాలర్లు దాటే ఎయిడ్స్ మందుల చికిత్సని, ఒక్కో రోగికి ఏడాదికి 350 డాలర్లకి ఇస్తామని ఎంఎస్ఎఫ్ అనే వైద్య సంస్థకి ప్రతిపాదించింది. అంటే రోజుకి డాలరు కూడా కాదు. ఆఫ్రికాలో లక్షల ప్రాణాలతో ముడిపడ్డ సంగతి. ఇరవయ్యో శతాబ్దం దాటాక ఈ దేశం చేసిన మంచి పనుల జాబితా రాయమంటే నేను దీన్ని పైన రాస్తాను. తర్వాత ఎప్పుడో ఒక ఆఫ్రికా ఆరోగ్య మంత్రి మన మందుల్ని మెచ్చుకున్న కాపీ వస్తే, తొమ్మిదో పేజీలో సింగిల్ కాలమ్ ఇచ్చాను. అదే రోజు ఒక హాలీవుడ్ నటి నుదుట బొట్టు పెట్టుకున్న ఫొటో మొదటి పేజీలో వెళ్లింది. వేసింది నేనే. మనకి కావలసింది విదేశీయుడి మెప్పు కాదు, మన పైమెట్టు మీద ఉన్నాడని మనమే అనుకున్నవాడి మెప్పు.

పుకార్లు కూడా ఈ లెక్క తెలిసే పుడతాయి. జనగణమనని ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయగీతంగా యునెస్కో ప్రకటించిందన్న అబద్ధం 2008 ప్రాంతం నుంచీ తిరుగుతోంది. 2016లో 2,000 రూపాయల నోటుకీ అదే యునెస్కో పేరుతో అదే బిరుదు తగిలించారు. దీపావళి రాత్రి నాసా తీసిందంటూ తిరిగే రంగురంగుల భారతదేశం బొమ్మ అసలు దీపావళిదే కాదు. ఏళ్లు గడిచేకొద్దీ రాత్రి వెలుగులు ఎలా పెరిగాయో చూపడానికి అమెరికా వాతావరణ సంస్థ శాస్త్రవేత్త కూర్చిన చిత్రం. ఏటా దీపావళికి డెస్కుకి ఫోన్లు వచ్చేవి, "నాసా ఫొటో వెయ్యరేం, మీకు దేశభక్తి లేదా" అని. అబద్ధమని చెబితే ఒకాయన అన్న మాట మర్చిపోలేను: "అబద్ధమైతే మాత్రం, మంచి అబద్ధమే కదండీ."

అలాగని బయటివాడి తీర్పు ఎప్పుడూ పనికిమాలినది కాదు. ఈ గొడవలో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే, బయటి మెప్పంతా బానిస బుద్ధే అనేస్తారు. రామానుజన్ సంగతి తీసుకోండి. 1913లో హార్డీకి ఉత్తరం రాయకముందే ఆయన వ్యాసం ఇక్కడి గణిత పత్రికలో వచ్చింది, నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు నెలనెలా డబ్బిచ్చి ఆదుకున్నాడు. ఇక్కడివాళ్లు గుర్తించలేదన్నది అన్యాయం. కానీ ఆ లెక్కల లోతు తూచగలిగే మనిషి అప్పుడు కేంబ్రిడ్జిలో ఉన్నాడు. హార్డీ మెప్పు విలువైంది అతను తెల్లవాడైనందుకు కాదు, లెక్కలు తెలిసినందుకు. తెలుగువాళ్లం మన భాషని "ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అన్నారని మురిసిపోతాం, ఆ అన్నవాడికి తెలుగెంత వచ్చో అడగం. సి.పి. బ్రౌన్ ఏం పొగిడాడో మనకు గుర్తుండదు. ఆయన తాళపత్రాలు సేకరించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు, నిఘంటువు తయారుచేశాడు. పొగడ్తకీ పనికీ ఉన్న తేడా ఆ ఇద్దరి మధ్య ఉంది.

నా సొంత పరువు కూడా ఒకసారి తీసేసుకుంటాను. ఒక విదేశీ విలేకరి మా ఆఫీసు చూడటానికొచ్చాడు. ముందురోజు గోడలకి సున్నం కూడా వేశారు. నన్ను తోడిచ్చారు. రెండు గంటలు తిప్పాను, ప్రెస్సు చూశాడు, కాగితం ఎక్కడినుంచి వస్తుందని అడిగాడు. వెళ్లేముందు ఉండబట్టలేక "మా దేశం ఎలా ఉంది?" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి "పెద్దది" అన్నాడు. అంతే. నాకు ఆ రోజంతా ఏదో పోగొట్టుకున్నట్టే ఉంది. అతను అబద్ధమాడలేదు, అవమానించలేదు. రాత్రి డ్యూటీలో పక్కవాడితో "పొగరు" అన్నాను.

ఇప్పుడు మీ ఆస్కార్. సిగ్గుపడకండి. ఇలాంటప్పుడు నేను ఒకటే చూస్తాను: మనకు ముందే తెలిసింది వాళ్లకీ తెలిసిందా, లేక వాళ్లు చెప్పాకే మనకు తెలిసిందా? కీరవాణి 1990 నుంచి, చంద్రబోస్ 1995 నుంచి తెలుగు సినిమాలో పనిచేస్తున్నారు. అంతకు చాలా ముందే, 1997 సినిమాకి, కీరవాణికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆ పాట అమెరికా వెళ్లకముందే మీరు దానికి స్టెప్పులేసి ఉంటారు. మన ఇంటి పిల్లాడు ఊరవతల పోటీలో గెలిస్తే పడే సంతోషం అది, అందులో దిద్దుకోవాల్సిందేమీ లేదు. మర్నాడు దాన్ని పట్టుకుని ఇంకో భాష సినిమా అభిమానిని వెక్కిరించడానికి వెళ్లి ఉంటే, అది వేరే మాట. ఆ సంగతి మీరు రాయలేదు.

ఆ ఉదయం నేనూ టీవీ ముందే ఉన్నాను. అప్పటికి రిటైరయ్యాను. డెస్కులో ఉంటే ఏం హెడ్డింగ్ పెట్టేవాణ్నా అని అలవాటు కొద్దీ కాగితం మీద నాలుగైదు రాసుకున్నాను. "ప్రపంచం" అన్న మాట లేకుండా ఒక్కటీ కుదరలేదు.